గిర్దావరు చెప్పిన మిలిటరీ రూలు

నా రిటైర్మెంటు సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఒకే మాట అన్నారు, మచ్చలేని ఉద్యోగి అని. శాలువా కప్పించుకుని, గడ్డం దాకా పూలదండలో మునిగి, చేతులు జోడించి కూర్చున్నాను. రెవెన్యూ శాఖలో ముప్పై మూడేళ్లు చేసినవాడికి మచ్చ లేదంటే చెప్పినవాళ్లకు చూపు సరిగా లేదని అర్థం, లేదా వాళ్లు భోజనానికి వచ్చారని అర్థం. ఆ రోజు భోజనం బాగుంది.

ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నలుగురు సూర్యాపేటలో మా ఇంటికి వచ్చారు. "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. ఇద్దరు అన్నదమ్ములు ఒక పొలం గెట్టురాయిని ఎన్నిసార్లు జరిపారో చెప్పి, నవ్వించి, చాయ్ తాగించి పంపాను. నేను మర్చిపోలేనిది అది కాదు. మర్చిపోలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరుగానీ మనుషుల పేర్లుగానీ రాయను. ఎందుకు రాయలేదో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

అప్పటికింకా సూర్యాపేట జిల్లా కాలేదు, అంతా నల్లగొండే. సూర్యాపేటకూ కోదాడకూ నడుమ, మునగాల వైపు, ఒక మండలంలో నేను గిర్దావరును. మీరు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ అంటారు, ఊళ్లలో ఇప్పటికీ గిర్దావరే. భూములు కొలిపించాలి, సర్కారీ జాగ ఎవరూ కబ్జా చేయకుండా చూడాలి, పెద్దవాళ్లు వస్తే టెంట్లు వేయించాలి. ఈ మూడోది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. మా పేరు నిలబడేదీ పోయేదీ మాత్రం దానితోనే.

ఆ ఎండాకాలం సరిహద్దు కొండల మీద యుద్ధం జరుగుతోంది. ఊళ్లలో టీవీ ఉన్న ఇంటి ముందు జనం మూగేవాళ్లు. ఒక పొద్దున నేను ఆఫీసుకు వచ్చి కూర్చున్నానో లేదో పోలీస్ స్టేషన్ నుంచి కబురు వచ్చింది. మా మండలంలోని ఒక ఊరి జవాను చనిపోయాడు. ఆఫీసరు కాదు, మామూలు సిపాయి. ఇరవై మూడేళ్లు. కాసేపటికి ఆర్డీవో గారు ఫోన్ చేశారు. మూడో రోజు పొద్దున శవపేటిక ఊరికి చేరుతుంది. ఒక పెద్ద నాయకుడు స్వయంగా వస్తున్నారు. ఆయన ప్రసంగం కోసం కుటుంబ నేపథ్యం ఒక పేజీ రాసి పంపాలి, అంత్యక్రియల ఏర్పాట్లు అన్నీ చేయాలి. "చిన్న పొరపాటు కూడా రావొద్దు, మొత్తం నీదే బాధ్యత" అన్నారు. భయంతో పాటు కొంచెం గర్వం కూడా కలిగిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆ ఊరి సుంకరిని వెంటబెట్టుకుని వెళ్లాను. సుంకరి అంటే రెవెన్యూ వాళ్లకు ఊళ్లో చేయీ కాలూ. కొలతకు గొలుసు పట్టేదీ, నోటీసు ఇచ్చి వచ్చేదీ, ఎవరింట్లో ఏం జరుగుతోందో మాకు చెప్పేదీ అతనే. నాకంటే పదేళ్లు పెద్ద. నేను మాత్రం అతన్ని "ఒరేయ్" అని పిలిచేవాణ్ణి. అప్పుడు అందరం అట్లాగే పిలిచేవాళ్లం, సిగ్గనిపించలేదు.

ఆ జవాను తల్లికి అప్పటికే తెలిసింది. ఏడ్చి ఏడ్చి ఆగినట్టుంది. రేకుల ఇంటి ముందు గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టూ ఆడవాళ్లున్నారు. నేను ప్యాడు తీసి, "కొడుకు గురించి జర చెప్పమ్మా, పెద్దసారుకు రాసి పంపాలె" అన్నాను. ఆమె చెప్పింది. ఇంత బాధలో ఎవరైనా అంత వరుసగా చెబుతారని నేననుకోలేదు.

పెళ్లయిన ఏడాదికే మొగుడూ పెళ్లాం మిర్యాలగూడ మిల్లులకు పోయారు. ఆయన హమాలీ, బస్తాలు మోసేవాడు. ఆమె ఉడకబెట్టిన వడ్లను గచ్చు మీద ఆరబోసి, ఎండలో కాళ్లతో తిరగదోసేది. కొడుకు ఆ గచ్చు పక్కనే పెరిగాడు. బడికి పోయాడు, పదో తరగతి దాటాడు. పొద్దున్నే సాగర్ కాలువ కట్ట మీద పరుగెత్తేవాడు. మిలిటరీ సెలక్షన్లు ఎప్పుడు పడతాయో లారీ డ్రైవర్లను అడిగి తెలుసుకునేవాడట. మొదటిసారే ఎంపికయ్యాడు. అతను శిక్షణలో ఉండగానే తండ్రి దగ్గుతో పోయాడు. తవుడు దుమ్ము ఛాతీలో చేరిందని మిర్యాలగూడ దవాఖానలో చెప్పారు. మిల్లు లారీలోనే సొంత ఊరికి తెచ్చి, తమ ఎకరం మెట్ట చెలకలో ఒక గట్టు వారన పూడ్చి మట్టి చేశారు. ఆమె ఇక మిల్లుకు పోలేదు, ఊళ్లోనే ఉండిపోయింది.

"పోయిన సంక్రాంతి ఎనుక సెలవు మీద వచ్చిండు సారూ" అంది. "వాళ్ల నాయిన గోరి వానకు కుంగింది. పొద్దంత మట్టి మోసి కుప్ప పోసిండు, సుట్టు రాళ్లు పెట్టిండు. పెట్టినంక నవ్వుకుంట, ఈ పక్క నీకమ్మా, ఆ పక్క నాకు అన్నడు. నోర్ముయ్‌రా అని తిట్టిన." నా ముఖంలోకి చూసింది. "ఆ పక్క జాగ అట్లనే ఉంది సారూ. ఆడిదాక మోటరు బండి రాదు. రాకుంటే మేమే మోసుకపోతం."

నేను ప్యాడు మీద రాశాను: స్వంత భూమి, ఎకరం చెలక, అందులో తండ్రి సమాధి. నా చేత్తోనే రాశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేకుండా నేనే చేసుకున్నాను.

బయటికి వచ్చాక సుంకరి గొంతు తగ్గించి అన్నాడు. "సారూ, ఆళ్లు మట్టి జేస్తరు. కాలవెట్టరు. ఎరికే గద?"

"నీకెందుకురా, నడువు" అన్నాను.

చెలకను చూడటానికి వెళ్లాను. రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు, ఎడ్లబండి పోయే డొంక. నాయకుడి వెంట కార్లు వస్తాయి, పోలీసు వ్యాన్లు వస్తాయి, కెమెరాల వాళ్లు వస్తారు. రెండు రోజుల్లో ఆ డొంకను కారు పోయే దారి చేయడం నా వల్ల కాదు. రోడ్డు పక్కనే సర్కారీ జాగ ఒకటి చదునుగా ఉంది, అక్కడే చేద్దామనుకున్నాను. అక్కడ పూడిస్తే? రేపు సమాధి కడతారు, ఎల్లుండి చుట్టూ గోడ కడతారు, ఆ తర్వాత ఎవరో పక్కన గుడిసె వేస్తారు. సర్కారీ జాగ ఎట్లా పోయిందని నన్నే సంజాయిషీ అడుగుతారు. కాలిస్తే ఆ గొడవ లేదు. కాల్చిన శవం జాగ అడగదు. దేశం కోసం చచ్చిపోయిన పిల్లవాడి విషయంలో ఇట్లాంటి ఆలోచన ఒక్క గిర్దావరుకే వస్తుంది. నాకు వచ్చింది. తెలివైన ఆలోచనే అనుకున్నాను కూడా. మా ఇళ్లల్లో కాల్చడమే ఆచారం. కాబట్టి చేస్తున్నది తప్పుగా అనిపించలేదు.

కోదాడ వెళ్లి కట్టెల అడితిలో చెప్పాను. అడితి ఆయనది ఆంధ్రా మాట. "ఎవరికండీ?" అని అడిగాడు. చెప్పగానే లేచి నిలబడ్డాడు. "ఆ అబ్బాయికాండీ? మీరు వెళ్లండి, ఎండు కట్టె ఏరి నేనే దగ్గరుండి పంపిస్తాను" అన్నాడు. పంపించాడు. పచ్చికట్టె ఒక్కటి కూడా లేదు. ముక్కూ ముఖం తెలియని మనిషి చూపిన ఆ శ్రద్ధను తలచుకుంటే నాకు ఇప్పటికీ తల వంగుతుంది. ఆయన మర్యాదను నేను దేనికి వాడుకున్నానో ఆయనకు తెలియదు.

మరునాడు మధ్యాహ్నానికి చితి దిమ్మె కట్టడం అయింది. వెదురు కంచె వేశారు, నాయకుడు ఎక్కడానికి చిన్న ర్యాంపు కూడా పెట్టారు. ట్రాక్టర్ నుంచి కట్టెలు దింపుతుంటే ఆ తల్లీ, ఆమె మరిదీ వచ్చారు. మరిది అంటే చనిపోయిన అబ్బాయికి చిన్నాయన. తండ్రి లేడు కాబట్టి కర్మ ఆయనే చేయాలి.

"కట్టెలెందుకు సారూ?" అన్నాడు ఆయన. "మాకు గిట్ల లేదు. మా కులంల ఎవల్నీ కాలవెట్టలే. వాళ్ల నాయిన పక్కకే జాగ జూపించినం."

నేను అప్పుడు నిజం చెప్పి ఉండవచ్చు. కార్లు రావయ్యా, నాకు చేతకావడం లేదయ్యా అని ఉండవచ్చు. అంటే ఊరంతా కలిసి డొంక చదును చేసేవాళ్లేమో, ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నా నోటి నుంచి చాలా తేలిగ్గా ఇంకో మాట వచ్చింది.

"మిలిటరీ రూల్ అది. యుద్ధంల పోయినోళ్లను కాల్చాల్సిందే. మన చేతుల లేదు."

మరిది తల్లి వైపు చూశాడు. ఆమె కట్టెల వైపు చూసింది. "రూలా సారూ?" అంది. "రూలేనమ్మా" అన్నాను. సుంకరి అక్కడే ఉన్నాడు. కట్టె దింపుతున్నవాడల్లా కింద పెట్టేసి అవతలికి పోయాడు. ఆ తర్వాత నేనక్కడ పనిచేసినన్నాళ్లూ ఏ పని చెప్పినా చేశాడు గానీ, తనంతట తాను నాకు ఒక్క విషయం కూడా చెప్పలేదు.

మూడో రోజు పొద్దున మిలిటరీ బండి వచ్చింది. సూర్యాపేట దాటినప్పటి నుంచి రోడ్డు పొడుగునా బడిపిల్లలు నిలబడ్డారని చెప్పారు. పేటిక దింపి ఇంటి ముందు ఉంచారు. చాలా రోజులైంది కాబట్టి తెరవడం కుదరదన్నారు. తల్లి పేటిక చెక్క మీద చెయ్యి పెట్టి, తల వైపు ఏదో, కాళ్ల వైపు ఏదో తడిమి చూసుకుంది. ఎవరినీ అడగలేదు.

రోడ్డు పక్క జాగకు తెచ్చాక, పేటిక వెంట వచ్చిన సుబేదారు నా దగ్గరికి వచ్చాడు. ఉత్తరాది మనిషి, తెల్లబడుతున్న మీసాలు. చనిపోయినవాడు తన దగ్గరే పనిచేశాడట. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు హిందీ రాదు. ఉర్దూ కలిసిన హిందీ నాకు బాగా వచ్చు కాబట్టి నడుమ నేను నిలబడ్డాను. ఆయన ఆమె ఎదుట నిలిచి, టోపీ సర్దుకుని, మెల్లగా హిందీలో అన్నాడు: అమ్మను అడగండి, మీ ఆచారం ఏమిటి, కాలుస్తారా, పూడుస్తారా, కుటుంబం ఎట్లా చెబితే మేము అట్లా చేస్తాం. అంటూనే చేత్తో చితి వైపు, తర్వాత నేల వైపు చూపించాడు.

నిన్న నేను చెప్పిన రూలు లేదని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆయన మాటను తెలుగులో చెబితే నా అబద్ధం ఊరందరి ముందు బయటపడుతుంది. నాయకుడి కార్లు మునగాల దాటాయని అప్పుడే వైర్‌లెస్‌లో అంటున్నారు. ఆర్డీవో గారు పది అడుగుల దూరంలో ఉన్నారు. ఆమె నా వైపు చూస్తున్నదని తెలుసు. నేను ఆమె వైపు చూడలేదు.

"జలానా హై, సాబ్" అన్నాను. కాల్చాలి అని.

సుబేదారు తల ఊపి, వెనక్కి నడిచాడు. నాయకుడు వచ్చారు. తుపాకులు పేల్చారు. చిన్నాయన వెనకాడుతుంటే నేనే మోచెయ్యి పట్టుకుని నిప్పు పెట్టించాను. ఎండుకట్టె కదా, తొందరగా అంటుకుంది.

ప్రసంగం బ్రహ్మాండంగా సాగింది. మిల్లు గచ్చు పక్కన పెరిగిన బిడ్డ, కాలువ కట్ట మీద పరుగులు నేర్చిన బిడ్డ అని నాయకుడు చెబుతుంటే జనం వెక్కి వెక్కి ఏడ్చారు. అదంతా నా పేజీయే. ఆర్డీవో గారు నా భుజం తట్టి, "బాగా చేసినవ్" అన్నారు. ఆ మాటకు ఆ రోజు నేను సంతోషపడ్డాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఆ సంతోషమే.

మూడు నెలలకు ఆమె ఆఫీసుకు వచ్చింది. ఏదైనా పింఛను పనేమో అనుకున్నాను. కాదు.

"సారూ, ఆ రూల్ కాయితం ఒకటియ్యి" అంది.

"ఏ రూలమ్మా?"

"మిలిటరీ రూల్. కాల్చాల్సిందేనని ఉంటదన్నవ్ గద. మా పాలోళ్లు నన్ను బతకనిస్తలేరు. లీడర్లు వస్తున్నరని కన్నకొడుకును కాలవెట్టించిందంటున్నరు. పెద్దలకు పెట్టే పెత్రమాసకు మా ఆయన గోరికాడికి పోతే మా మరిది అడ్డం నిలవడ్డడు. నువ్వు ముట్టకు అన్నడు. నిప్పు పెట్టింది ఆయనే, ఆ కోపమంత నా మీద తీస్తుండు. కాయితం జూపిస్తే ఊకుంటరు."

వచ్చేవారం రమ్మన్నాను. వచ్చింది. హైదరాబాద్ నుంచి రావాలన్నాను. మళ్లీ వచ్చింది. నన్ను మిర్యాలగూడ వైపు బదిలీ చేస్తున్నారని తెలిసినప్పుడు గండం గడిచిందనుకున్నాను. చివరి రోజు, బీరువా తాళాలు అప్పగిస్తుంటే, ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

అప్పుడు ఇంకో తప్పు చేశాను. తెల్ల కాగితం మీద రాశాను. యుద్ధంలో మరణించిన సైనికులను దహనం చేయడమే నియమమని, దాని ప్రకారమే అధికారులు దహనం చేయించారని, కుటుంబం ఇష్టంతో నిమిత్తం లేదని. కింద సంతకం గీకి, ఆఫీసు గుండ్రటి ముద్ర వేశాను. ఆమెకు చదువు రాదు. ముద్రను మాత్రం వేలితో తడిమి చూసి, కాగితాన్ని కళ్లకద్దుకుంది. "నీ కడుపు సల్లగుండ సారూ" అంది. ఆ దీవెన వింటూ నేను తాళాలు లెక్కపెట్టుకున్నాను.

మిర్యాలగూడలో మిల్లుల తనిఖీ నా పని. ప్రతి మిల్లులో గచ్చు ఉంటుంది. ప్రతి గచ్చు మీద ఎండలో వడ్లు తిరగదోస్తూ ఆడవాళ్లు ఉంటారు. నేను నీడ వెంబడి నడిచి, స్టాకు చూసుకుని, తల ఎత్తకుండా బయటికి వచ్చేవాణ్ణి. అక్కడి వాళ్లు నన్ను చాలా నిదానస్థుడు అనుకునేవారు. తర్వాత దామరచర్లలో, ఇంకా ఎక్కడెక్కడో చేసి, ప్రమోషన్లు తీసుకుని, చెప్పాను కదా, శాలువాతో బయటపడ్డాను.

రిటైరైన రెండో ఏడు, ఇక ఉండబట్టలేక, సూర్యాపేటలో కోదాడ బస్సెక్కి ఆ ఊరి దగ్గర దిగాను. రోడ్డు పక్క ఆ జాగలో ఇప్పుడు దాబా ఉంది. నేనంత జాగ్రత్తపడ్డా సర్కారీ జాగ నిలవలేదు.

ఆమె ముసలిదైంది, నడుము వంగింది. చూడగానే గుర్తుపట్టింది. "గిర్దావర్ సారు గదూ" అని మంచం వాల్చింది. గోడకు కొడుకు ఫోటో ఉంది. దాని పక్కనే లామినేషన్ చేయించిన నా కాగితం, గుండ్రటి ముద్ర రంగు వెలిసి.

నీళ్లు తాగి, చెప్పేశాను. ఆ రూలు లేదమ్మా, నేను కల్పించిన. సుబేదారు నిన్నే అడగమన్నడు, నేను అడగలేదు. ఈ కాయితం గూడ నా రాతే.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"ఎరికే సారూ" అంది. "ఆ మీసాలాయన శెయ్యితోని కట్టెల దిక్కు జూపిచ్చిండు, భూమి దిక్కు జూపిచ్చిండు. నాకు మాట రాకున్న గది సమజ్ కాదా? నన్నే అడుగుతుండని తెలిసింది. నువ్వు అడుగుతవేమోనని నీ మొకం దిక్కే జూసిన. నువ్వు నా దిక్కు జూడనే లేదు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదమ్మా?"

"ఎవలతోని అనాలె? ఆయనకు నా మాట జెప్పేటోనివి నువ్వొక్కనివే ఉంటివి."

నేను లేచి గోడ దగ్గరికి నడిచాను. కాగితం తీసేస్తానన్నాను. మీ మరిది దగ్గరికి పోయి, తప్పు నాదని, ఊరందరి ముందు చెబుతానన్నాను. నిజంగానే చెప్పేవాణ్ణి.

"ముట్టకు" అంది. మొదటిసారి ఆమె గొంతులో కోపం విన్నాను. "గా కాయితం జూసినంకనే మా మరిది దారి ఇడిసిండు. ఇప్పుడు అబద్దమని జెప్తే, ఎరికుండి ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవని మల్ల నన్నే అంటరు. నువ్వు జెప్పుకోని తేలికైతవ్, బస్సెక్కి పోతవ్. ఈడ బతికేది నేను."

ఆమె చెప్పింది నిజం. నేను వెళ్లింది నా బరువు దించుకోవడానికే. ఇన్నేళ్ల తర్వాత కూడా నా సౌకర్యమే చూసుకున్నాను. మళ్లీ మంచం మీద కూర్చున్నాను. చివరికి, "నేనేం చెయ్యాలె అమ్మా మరి?" అని అడిగాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, నా ఎదుట నేల మీద సరిగా కూర్చుంది.

"గప్పుడు అడగాల్సింది ఇప్పుడన్న అడుగు సారూ. నన్ను ఎవలూ అడగలే."

ఈసారి ఆమె ముఖంలోకి చూసి అడిగాను.

"అమ్మా, మీ ఆచారమేంది? కాలుస్తరా, పూడుస్తరా?"

"మట్టి జేస్తం సారూ" అంది. "వాళ్ల నాయిన పక్కకు."